దొంగ బొమ్మ చూసినవాడికి శిక్ష ఉందా?

2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఐబొమ్మ సైటు నడిపిస్తున్నాడని ఒకాయన్ని కూకట్‌పల్లిలో పట్టుకున్నారు. ఆయనది మా విశాఖపట్నమే అని తెలిసేసరికి మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ వారం పాటు హోరెత్తిపోయాయి. (పోర్టు, ఉక్కు, ఆర్కే బీచ్ తర్వాత మనకి ఇదో గుర్తింపు అన్నమాట!) ఆయన సంగతి కోర్టు తేలుస్తుంది, దాని జోలికి నేను పోను. నన్ను ఆలోచింపజేసింది ఆఫీసులో ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న. "అన్నా, మా నాన్న రోజూ టీవీలో అదే చూసేవారు. షాపువాడు పెట్టిచ్చాడు. అది దొంగదని ఆయనకి తెలీనే తెలీదు. ఇప్పుడు మా మీద కేసవుతుందా?"

దీనికి జవాబు కావాలంటే వీడియో క్యాసెట్ల కాలానికి వెళ్ళాలి.

నా తరం వైజాగు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. శివరాత్రి జాగారం అంటే కాలనీలో నలుగురు చందాలేసుకుని టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు అద్దెకి తేవడం. తెల్లారేసరికి తిరిగిచ్చేయాలి. ఆ క్యాసెట్టు అసలుదా నకిలీదా అని అడిగినవాణ్ణి నేనైతే ఎరగను. అడిగితే పిచ్చోడిలా చూసేవారు.

1957 కాపీరైట్ చట్టంలో మొదట ఉన్న శిక్ష గరిష్ఠంగా ఏడాది జైలు. వీడియో వచ్చి సినిమావాళ్ళ పొట్ట కొట్టడం మొదలెట్టాక 1984లో చట్టాన్ని సవరించారు. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఇప్పటికీ అవే అంకెలు. దాంతో పాటు 52ఎ అని ఒకటి చేర్చారు. క్యాసెట్టు మీద తయారుచేసినవాడి పేరు, చిరునామా, సెన్సార్ సర్టిఫికెట్ వివరాలు ఉండాలి. లేకపోతే నేరం.

ఈ 52ఎ మీద మన రాష్ట్రం నుంచే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒక వీడియో షాపు యజమానిని హైకోర్టు వదిలేస్తే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పీలు చేసింది. 1996లో తీర్పొచ్చింది. సినిమా హక్కుదారుణ్ణి వెతికి పట్టుకొచ్చి సాక్ష్యం చెప్పించక్కర్లేదు, క్యాసెట్టు మీద ఆ వివరాలు లేకపోవడమే చాలు అన్నారు. గమనించండి, బోనులో నిలబడింది షాపువాడు. అద్దెకి తీసుకెళ్ళి చూసిన మన బాబాయిలు, పిన్నిలు కాదు.

కేబుల్ టీవీ వచ్చినప్పుడూ అంతే. "జనం ఎవరింట్లో వాళ్ళు చూసుకుంటున్నారు, ఇది ప్రైవేటు వ్యవహారం కదా" అని ఆపరేటర్లు వాదించారు. కుదరదు, ఎవరింట్లో వాళ్ళున్నా మీ చందాదారులంతా కలిస్తే 'పబ్లిక్కే' అని 1989లో గార్వారే కేసులో బొంబాయి హైకోర్టు తేల్చింది. అక్కడా దోషి వైరు లాగినవాడే. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది విడుదలకి ముందే సగం బయటికొచ్చి పెడనలో దొరికినప్పుడు కూడా పోలీసులు పట్టుకున్నది కాపీ తీసినవాళ్ళనీ, చేతులు మార్చినవాళ్ళనీ.

ఎందుకిలా? మన భాషలో చెప్పాలంటే పర్మిషన్ల పట్టిక చూడాలి. సినిమా హక్కుదారుకి చట్టం 14వ సెక్షన్లో ఇచ్చినవి కాపీ తీయడం, అమ్మడం, అద్దెకివ్వడం, ప్రజలకి అందించడం లాంటివి. 'చూడటం' అనేది ఆ పట్టికలో లేదు. పైగా 63వ సెక్షన్లో 'తెలిసి' అనే మాట ఒకటుంది. తెలియక చేసినదానికి క్రిమినల్ కేసు నిలబడటం కష్టం.

సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. 1994లో సవరించి 1995లో అమల్లోకి తెచ్చిన 63బి ప్రకారం దొంగ సాఫ్ట్‌వేర్ని తెలిసి కంప్యూటర్లో *వాడటమే* నేరం. కనీసం ఏడు రోజుల జైలు. వ్యాపారానికి వాడకపోతే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకి ఉందనుకోండి. సినిమా చూసినవాడికి లేని సెక్షను, మన వృత్తి వాళ్ళకి ప్రత్యేకంగా రాసిపెట్టారు! క్రాకు చేసిన ఎడిటర్లో కూర్చుని ఐబొమ్మ చూసినందుకు భయపడేవాళ్ళు ముందు దేనికి భయపడాలో చూసుకోవాలి.

2016 ఆగస్టులో ఈ గందరగోళం ముదిరింది. బ్లాక్ చేసిన సైట్లు తెరిస్తే, చూసినా డౌన్‌లోడ్ చేసినా మూడేళ్ళ జైలు, 3 లక్షల జరిమానా అని ఒక హెచ్చరిక కనపడేది. ఆ 3 లక్షల అంకె 63లో లేదు, అక్కడున్నది 2 లక్షలే. ఢిష్యూం సినిమా విషయంలో బొంబాయి హైకోర్టులో జస్టిస్ గౌతమ్ పటేల్ ఈ మాటల్ని తప్పుపట్టారు. నేరం చూడటంలో లేదు, అనుమతి లేకుండా పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడంలో ఉంది అన్నారు. ఎందుకో మరి, ఆ హెచ్చరిక గుర్తున్నంతగా ఈ మాట జనానికి గుర్తులేదు.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి జరిమానాని సినిమా ఖర్చులో 5 శాతం దాకా పెంచినా (వంద కోట్ల సినిమాకి 5 కోట్లు!) అది కూడా హాల్లో కెమెరా పెట్టినవాడికీ, ఆ దొంగ కాపీని ప్రదర్శించినవాడికే.

కాబట్టి ఆ కుర్రాడి నాన్నగారికి మన దేశంలో జైలు భయం దాదాపు లేనట్టే. 'దాదాపు' అని ఎందుకన్నానంటే, టీవీలో నేరుగా చూడటం వేరు, టోరెంటు వేరు. 2012 సవరణ ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడం కూడా కాపీ తీయడం కిందకే వస్తుంది. టోరెంటులో ఇంకో మెలిక ఉంది. మీరు దించుకుంటూనే ముక్కలు ముక్కలుగా పక్కవాళ్ళకి పంచుతుంటారు. అంటే చూసేవాడు కాస్తా పంచేవాడైపోయాడు. 63 కింది నేరానికి వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చని, బెయిలు హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పాక ఈ తేడా చిన్నది కాదు.

బయటి దేశాల్లో మన పిల్లలు తగులుకునేది సరిగ్గా ఇక్కడే. యూరప్‌లో అయితే దొంగదని తెలిసీ స్ట్రీమింగ్‌లో చూడటానికి కూడా మినహాయింపు లేదని 2017లో అక్కడి కోర్టు చెప్పేసింది. ఇక జర్మనీలో టోరెంటు పెట్టి కొత్త సినిమా దించితే లాయరు నుంచి వందల యూరోలు కట్టమని ఉత్తరం వస్తుంది. దించింది రూమ్మేటు కావచ్చు, వారం రోజులకి వచ్చిన చుట్టం కావచ్చు. ఆ ఉత్తరం మాత్రం ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్ళ తలుపే తడుతుంది.