కుంకుడు – సబ్బుకు చుట్టం

కుంకుడు చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సాపిండస్. లాటిన్‌లో సాపో అంటే సబ్బు. దానికి ఇండికస్‌ను అతికిస్తే ‘ఇండియా సబ్బు’. అలాగని మురిసిపోనక్కర్లేదు. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ నమోదు చేసిన సాపిండస్ సపోనారియా అమెరికా చెట్టు. ఐరోపావాళ్లు అప్పట్లో అమెరికా నేలనూ ‘ఇండీస్’ అనేవారు! మన ‘సబ్బు’ మూలం కూడా చివరికి ఆ సాపోనే. కాయ తొక్కలో ఉండే సపోనిన్ అనే పదార్థం పేరుదీ అదే వంశం.

సంస్కృతం మాత్రం నురుగును చూసి ‘ఫేనిలం’ అంది. నాకైతే అదే సరైన పేరనిపిస్తుంది. సపోనిన్ అణువులో ఒక కొస నీటిని, మరో కొస జిడ్డును పట్టుకుంటుంది. నురుగూ, మురికి వదలడమూ రెండూ దాని చలవే. కాయలు కొట్టి, వేణ్ణీళ్లలో నానేసి పిసికిన పులుసుతో తలంటు పోసుకోవడం మనకు తెలిసిందే. (అది కళ్లలో పడితే నోట్లో ఉప్పుకల్లు వేసేవారు. ఎందుకో పిల్లలు అడిగేలోపే మరో చెంబు పడేది.) కంసాలులు నగలకూ, ఇళ్లలో పట్టుచీరలకూ ఇదే వాడారు.

హిమాలయ ప్రాంతపు కుంకుడు జాతి పేరు సాపిండస్ ముకొరొస్సి. ఆ ‘ముకొరొస్సి’ జపాను మాట ‘ముకురోజి’ నుంచి వచ్చింది. ఈ చెట్టు కాయల సపోనిన్లకు వీర్యకణాలను చంపే గుణం ఉందని గుర్తించి, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ‘కన్సాప్’ అనే గర్భనిరోధక క్రీమును తయారుచేసింది.