వెండి చెంచాలపై దేవతామూర్తులు (సూరత్)

పెద్దల నుంచి వచ్చిన వెండి ఉద్ధరిణెలు, గరిటెలు, చెంచాల పిడి మీద మలిచిన దేవతలను, ఋషులను, తీర్థంకరులను, క్రైస్తవ సాధువులను పోల్చుకోవడం ఈ వ్యాస విషయం. గుజరాత్‌లోని సూరత్‌లో ఈ పని తెలుగు ఊళ్లలో కన్నా కష్టం. తాపీ ఒడ్డున ఉన్న ఈ రేవులో ఇంగ్లీషువారు, డచ్చివారు 17వ శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లోనే వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. పార్సీల రెండు ఆతష్ బెహ్రాం అగ్ని మందిరాలూ 1823లో ప్రతిష్ఠ అయ్యాయి. జైనులు, పుష్టిమార్గ వైష్ణవులు, మరాఠీలు తరతరాలుగా ఉన్నారు. మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు వచ్చి లింబాయత్ వైపు స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఇన్ని సంప్రదాయాల వెండి తిరిగిన ఊళ్లో, మన ఇంటి చెంచా మీద ఉన్నది మన దేవుడే అయి ఉండాలన్న నమ్మకం లేదు.

ముందు చూడవలసింది బొమ్మను కాదు, చెంచా పనిని. పంచపాత్రతో జత కట్టే ఉద్ధరిణె అయితే గుంట చిన్నది, తీర్థం పోయడానికి సరిపడేంత. గుజరాతీలు దీన్ని ఆచమనీ అంటారు. దాని కొసన నాగపడగ, గణపతి, బాలకృష్ణుడు, గరుడుడు, హనుమంతుడు, నంది వంటి రూపాలు కనిపిస్తాయి. అన్నప్రాశనకు వాడిన చెంచా, పెళ్లిలో పెట్టిన నేతి గరిటె వేరు. పూజకు సంబంధం లేకుండా బల్ల మీద టీ కలుపుకోవడానికి చేసిన చెంచాలు మరీ వేరు.

ముఖం చూసి దేవుణ్ణి పోల్చడం వృథా ప్రయాస. చింతపండుతో, విభూతితో ఏళ్ల తరబడి తోమిన వెండిలో మొదట అరిగిపోయేది ముక్కూ కళ్లే. చేతులు ఎక్కువకాలం నిలుస్తాయి. కుడిచేయి కిందికి, పాదాల వైపు చూపుతూ, ఎడమచేయి నడుము దగ్గర ఉండి, వెనుక చేతుల్లో శంఖచక్రాలుంటే వేంకటేశ్వరుడు. రెండు చేతులూ నడుము మీదే ఉంటే పండరిపురం విఠలుడు. ఎడమచేయి పైకెత్తి, కుడి పిడికిలి నడుము దగ్గర ఉంచితే గోవర్ధనం ఎత్తిన శ్రీనాథ్‌జీ. చిన్న బొమ్మలో ఈ ముగ్గురూ నిలువు రూపాలే, ముగ్గురికీ కిరీటమే, అందుకే చేతులు చూడాలి.

వాహనం రెండో ఆనవాలు. తెలుగు కంటికి కోడి కనబడగానే సుబ్రహ్మణ్యుడు గుర్తొస్తాడు. కానీ ఆయనకు కోడి ధ్వజం మీద ఉంటుంది, వాహనం నెమలి. కోడి మీదే కూర్చున్న స్త్రీమూర్తి గుజరాత్ బహుచర మాత. మొసలి మీద ఉంటే గంగ అనేయకండి, ఖోడియార్ మాత కావచ్చు. పులి మరీ తికమక పెడుతుంది. గుజరాతీ ఇళ్లలో పులి మీద అంబాజీ ఉంటే, పద్మశాలీల కథల్లో పులినెక్కేది వారి మూలపురుషుడు భావనాఋషి. ఆయన భార్య భద్రావతిని సూర్యుని కూతురంటారు. సూరత్ వారు తాపీ నదినీ సూర్యపుత్రిగానే కొలుస్తారు, ఇది పోలికే తప్ప రెండూ ఒకే కథ కాదు. శివలింగాన్ని కావలించుకున్న బాలుడైతే సందేహమే అక్కర్లేదు, మార్కండేయుడు.

పడగల కింద కూర్చున్న మూర్తి దగ్గర ఆగి చూడాలి. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయుధాలు లేకుండా ధ్యానంలో ఉంటే జైన తీర్థంకరుడు. పడగలు సాధారణంగా ఏడుంటే పార్శ్వనాథుడు, అయిదుంటే సుపార్శ్వనాథుడు. పడగ లేకపోతే పీఠం మీది గుర్తు వెతకాలి: ఎద్దు ఋషభనాథునిది, జింక శాంతినాథునిది, సింహం మహావీరునిది. రెక్కలు చాచిన వలయం నడుమ గడ్డపు పురుషుడు గరుడుడు కాడు, జరతుష్ట్ర మతస్థుల ఫరవహర్.

గడ్డం, పొడుగు అంగీతో నిలబడ్డ మనిషి కొసన ఉన్న చెంచాను ఋషి బొమ్మ అని పూజగదిలో పెట్టుకోవడం సులువే. అది యూరప్ అపొస్తలుల చెంచా కావచ్చు. 15-17 శతాబ్దాల్లో పిల్లల బాప్తిస్మానికి ఇవి బహుమతులు, 19వ శతాబ్దంలో మళ్లీ విరివిగా పోతపోశారు. తాళంచెవి పట్టినవాడు పేతురు, వాలు శిలువ ఉన్నవాడు అంద్రెయ, గిన్నె యోహానుది. ఈటె తోమాది, మైలాపూరులో ఆయన్ను ఈటెతో పొడిచారని సంప్రదాయం.

వీటికి ఎదురు దిశలో వెళ్లినవి మద్రాసు స్వామి చెంచాలు. పి. ఆర్ అండ్ సన్స్ వంటి దుకాణాలు బ్రిటిష్ కొనుగోలుదార్ల కోసం దేవతలను టీ సామగ్రి మీద పోతపోయించాయి. కచ్ పనితనంలో దేవతల కన్నా లతలు, ఆకులు, జంతువులే ఎక్కువ; భుజ్ పనివాడు ఊమర్సీ మావ్జీ ముద్ర ఓ.ఎం. అనే అక్షరాలు.

పరిశీలించేటప్పుడు నల్లదనం వదిలించకూడదు. అది వెండి, గంధకం కలిసి ఏర్పడిన పొర. ముడతల్లో నిలిచి గీతను పట్టిచూపేది అదే. పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటో తీస్తే అరిగిన ఆయుధం కూడా నీడగా తేలుతుంది. కరిగించి కొత్త వస్తువు చేయించుకునే ముందు ఈ ఒక్క ఫొటో అయినా తీయించాలని ఈ వ్యాసకర్త పట్టుపడతాడు, కరిగాక ఆ ఆనవాలు ఇక దొరకదు.

చివరికి చెంచాను తిరగేయాలి. పిడి వెనుక చుక్కలతో కొట్టిన పేరు ఉంటే దాని లిపే వస్తువు ఎక్కడిదో సగం చెబుతుంది. గుజరాతీ అక్షరాలకు దేవనాగరికున్న తలకట్టు గీత ఉండదు. పక్కన అంకెలుంటే తొందరపడి క్రీస్తుశకం అనుకోవద్దు. గుజరాత్‌లో విక్రమ సంవత్ వాడుక, అది కార్తీక శుద్ధ పాడ్యమితో మొదలవుతుంది. సంవత్ 1985 అని ఉంటే ఆ చెంచా 1928-29 నాటిది.