ప్రతిపక్షం తరఫున బూత్‌లో కూర్చున్న తాత: 1977 ఎన్నికల్లో మద్రాసు

మన ఇంటి పాత సంగతులు రాసుకుంటున్న ఈ వరసలో ఇప్పటిదాకా ఊళ్ళు, కొట్లు, పెళ్ళిళ్ళు వచ్చాయి. ఈసారి ఒక ఎన్నిక గురించి రాస్తున్నాం. 1977 మార్చిలో జరిగిన ఆరో లోక్‌సభ ఎన్నిక అది. మా తాత, అంటే నాయనకు నాయన, అప్పుడు పురసవాక్కంలో ఉండేవారు. ఆండర్సన్ వీధిలో ఒక పేపర్ కొట్లో గుమాస్తా. ఆ ఎన్నికలో ఆయన ప్రతిపక్షం తరఫున ఇల్లిల్లూ తిరిగారు, పోలింగ్ ఏజెంటుగా బూత్‌లో కూర్చున్నారు.

ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కానీ అప్పట్లో అలా కూర్చోవడానికి ఎంత గుండె కావాలో మా తరానికి తెలీదు. మేం కన్నడ మీడియంలో చదువుకున్నవాళ్ళం. మా సమాజ పాఠంలో 'తుర్తు పరిస్థితి' అని ఒక పేరా ఉండేది. పరీక్షకు చదివాం, మర్చిపోయాం. చెన్నైకి ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాక, ఇక్కడి పెద్దవాళ్ళ నోట విన్నాకే అది మన ఇంటి కథ కూడా అని తెలిసింది.

ముందు ఆ కాలం సంగతి చెప్పుకోవాలి. 1975 జూన్ 25న దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. తమిళనాడులో డీఎంకే ప్రభుత్వం ఉన్నన్నాళ్ళూ ఆ బిగువు ఇక్కడ కాస్త తక్కువే. 1976 జనవరి 31న కరుణానిధి ప్రభుత్వాన్ని తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టారు. ఆ వెంటనే మీసా చట్టం కింద అరెస్టులు మొదలయ్యాయి. స్టాలిన్‌తో సహా ఎంతోమంది మద్రాసు సెంట్రల్ జైలుకు వెళ్ళారు. పేపర్లలో ఏం రాయాలన్నా సెన్సారు. అవ్వ మాటల్లో చెప్పాలంటే, వీధి కొళాయి దగ్గర కూడా రాజకీయం మాట్లాడేవాళ్ళు కాదు.

1977 జనవరి 18న ఇందిరా గాంధీ ఎన్నికలు ప్రకటించారు. జైళ్ళలో ఉన్న నాయకులు కొందరు బయటికి వచ్చారు. ఐదు రోజుల్లో జనతా పార్టీ పుట్టింది. పోలింగ్ మార్చి 16 నుంచి 20 దాకా. ఎమర్జెన్సీ ఎత్తేసింది మాత్రం మార్చి 21న. అంటే జనం ఓటు వేసిన రోజుకి చట్టం ప్రకారం ఎమర్జెన్సీ ఇంకా ఉందన్నమాట. అలాంటి రోజుల్లో ప్రతిపక్షం ఏజెంటుగా ఒక ఫారం మీద పేరు రాసివ్వడం చిన్న విషయం కాదు. గెలిచేది మళ్ళీ వాళ్ళే అయితే ఆ కాగితం ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు?

తాత అసలు డీఎంకే మనిషి కాదు. కామరాజ్ అభిమాని. 1967లో డీఎంకే గెలిచినప్పుడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదట. 1969లో కాంగ్రెస్ చీలితే కామరాజ్‌తో పాటు పాత కాంగ్రెస్ వైపే ఉండిపోయారు. 1975 అక్టోబర్ 2న కామరాజ్ పోయాక ఆ పార్టీలో చాలామంది ఇందిరా కాంగ్రెస్‌లో కలిశారు. పి. రామచంద్రన్‌తో ఉన్నవాళ్ళు జనతా పక్కకు వచ్చి, డీఎంకేతో పొత్తు పెట్టుకున్నారు. సెంట్రల్ మద్రాసులో రామచంద్రన్, దక్షిణ మద్రాసులో మురసొలి మారన్, ఉత్తర మద్రాసులో ఆసైత్తంబి నిలబడ్డారు. ఎదురుగా ఇందిరా కాంగ్రెస్, ఎంజీఆర్ అన్నాడీఎంకే, సీపీఐ ఒక్కటై ఉన్నాయి. పదేళ్ళు ఎవర్ని తిట్టారో ఆ ఉదయసూర్యుడి కుర్రాళ్ళతోనే తాత ఒకే బల్ల దగ్గర కూర్చుని ఓటరు స్లిప్పులు రాశారు.

తాతకు ఆ పని అప్పజెప్పడానికి ఒక కారణం ఉంది. ఓటర్ల జాబితా తమిళంలో ఉండేది. తమిళ లిపిలో క, గ రెండిటికీ ఒకే అక్షరం, ప, బ రెండిటికీ ఒకే అక్షరం. భాస్కర్ పాస్కర్‌గా కనబడతాడు. పైగా తమిళుల ఇనిషియల్ తండ్రి పేరులోది, మనది ఇంటిపేరులోది. దాంతో తెలుగువాళ్ళ పేర్లు జాబితాలో ఒకలా, నోట్లో ఒకలా ఉండేవి. బూత్‌లో ఆఫీసరు పేరు అడిగితే మన ముసలమ్మ ఒకటి చెబుతుంది, కాగితం మీద ఇంకొకటి ఉంటుంది. అక్కడ ఎదుటి ఏజెంటు రెండు రూపాయలు డిపాజిట్ కట్టి, ఈమె ఆమె కాదు అని అభ్యంతరం చెప్పొచ్చు. అందుకే తాత ముందే తెలుగు ఇళ్ళన్నీ తిరిగి, జాబితాలో మీ పేరు ఇలా పడింది, మీ నంబరు ఇది, అడిగితే ఇలా చెప్పండి అని నేర్పించారు. మీరు ఎవరికి వేస్తారని అడక్కుండానే అందరికీ స్లిప్పు రాసిచ్చారట. చిన్నతాతకు రైల్వేలో ఉద్యోగం. ప్రభుత్వ ఉద్యోగి ఏజెంటుగా కూర్చోకూడదు కాబట్టి ఆయన ఓటు వేసి ఇంటికి వెళ్ళిపోయారు.

పోలింగ్ మొదలయ్యే ముందు ప్రిసైడింగ్ ఆఫీసరు ఖాళీ పెట్టెను ఏజెంట్లందరికీ తెరిచి చూపిస్తారు. సీలు కాగితం మీద తను సంతకం పెట్టి, ఏజెంట్ల చేత కూడా పెట్టించుకుంటారు. తర్వాత పెట్టె మూసి సీలు వేస్తారు. ఓటరు వేలికి సిరా పెడతారు. ఆ సిరా 1962 నుంచీ మైసూరు పెయింట్స్ కంపెనీలో తయారయ్యేదే. ఓటేసేది రబ్బరు ముద్రతో. సాయంత్రం దాకా ఏజెంటు పని ఒక్కటే: వచ్చినవాళ్ళకు తన జాబితాలో గీత పెట్టుకోవడం, తేడా కనబడితే నోరు తెరవడం.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మా పనిలో ప్రోగ్రాం రాసినవాడే అంతా బాగుందని సంతకం పెడితే చెల్లదు. తప్పు దొరకాలని కోరుకునేవాడు ఒకడు పక్కన కూర్చుని చూడాలి. వాడికి ఏమీ దొరకలేదంటేనే దాన్ని నమ్ముతాం. బూత్‌లో ప్రతిపక్షం ఏజెంటు చేసేది సరిగ్గా ఇదే.

ఫలితాలు విచిత్రంగా వచ్చాయి. ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయింది. రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీ స్వయంగా 55 వేల పైచిలుకు ఓట్లతో రాజ్ నారాయణ్ చేతిలో ఓడిపోయారు. దక్షిణాదిలో అంతా తలకిందులు. తమిళనాడులో 39 సీట్లలో 34 ఇందిర కూటమికే వచ్చాయి. కర్ణాటకలో 28లో 26 కాంగ్రెస్‌వి. ఆంధ్రప్రదేశ్‌లో 42లో 41. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల, అక్కడ గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఆయన ముందు లోక్‌సభ స్పీకర్, జూలైలో రాష్ట్రపతి అయ్యారు. మద్రాసు నగరంలో మూడింట రెండు ప్రతిపక్షానికి దక్కాయి. దక్షిణ మద్రాసులో మారన్‌ను ఆర్. వెంకటరామన్ ఓడించారు. సెంట్రల్‌లో గెలిచిన రామచంద్రన్ మొరార్జీ మంత్రివర్గంలో ఇంధన మంత్రి అయ్యారు.

ఇక్కడ మేం గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటుంది. ఆ మార్చిలో ఉత్తరాన ఓడిన ప్రభుత్వం దిగిపోయింది. దక్షిణాన ఓడిన ప్రతిపక్షం కూడా లెక్క ఒప్పుకుంది. అంత భయం మధ్య కూడా ఆ లెక్కను నమ్మగలిగారంటే, ఖాళీ పెట్టె చూసినవాళ్ళు రెండు పక్షాల్లోనూ ఉండబట్టే. మన నెల్లూరు, నంద్యాల చుట్టాల్లో ఎక్కువమంది ఆవుదూడకే వేశారు. వాళ్ళ ఓటు గెలుపును నిజం చేసింది కూడా అక్కడ ఓడిపోయిన బెంచీ మీద కూర్చున్న ఎవరో ఒకరి సంతకమే.

తర్వాతి కథ తాతకు మింగుడుపడలేదు. 1979లో జనతా ముక్కలైంది. 1980 జనవరి ఎన్నికలకి డీఎంకే, ఇందిరా కాంగ్రెస్ ఒకే వేదిక ఎక్కి 39లో 37 గెలుచుకున్నాయి. నిన్న జైల్లో పెట్టినవాళ్ళు, జైలుకు వెళ్ళినవాళ్ళు పక్కపక్కన! ఆ ఎన్నికలో తాత ఏజెంటుగా కూర్చోలేదు. కానీ స్లిప్పులు మాత్రం రాశారు. పార్టీలు మారినా జాబితాలో మన పేర్లు అలాగే తప్పుగా ఉన్నాయి కదా అనేవారు.

ఇప్పుడు పెట్టె పోయి మెషీను వచ్చింది. పోలింగ్‌కు ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో నమూనా పోలింగ్ చేస్తారు. చివర్లో పోలైన ఓట్ల లెక్క, అంటే ఫారం 17సీ నకలు, ఏజెంటు చేతికిస్తారు. కూర్చునే మనిషి లేకపోతే ఆ నకలు తీసుకునేవాడే ఉండడు. మన పిల్లలు ఏ పార్టీ వైపున్నా సరే, ముఖ్యంగా గెలవదనుకునే పార్టీ వైపుంటే, ఒక్కసారి బూత్‌లో కూర్చోమని చెబుతాం. అంత తీరిక లేకపోతే జాబితాలో ఇంట్లోవాళ్ళ పేర్లు, ఇనిషియల్స్ చూసుకుని, తప్పుంటే ఫారం 8 పెట్టండి.

అలాగే మీ ఇళ్ళలో 1977లో 21 ఏళ్ళు నిండినవాళ్ళు ఉంటే, అప్పటికి ఓటు వయసు అదే, ఆ రోజు ఎక్కడ ఓటేశారో, బూత్‌లో ఎవరు కూర్చున్నారో అడిగి రాసిపెట్టండి. అడగడానికి ఇంక ఎక్కువ ఏళ్ళు లేవు.