పుస్తకం 2.6.10 దగ్గర ఆగిపోయింది

అమీర్‌పేటలో డ్రైవర్ల కోర్సు చెప్పిన రోజుల్లో నా బల్ల మీద ఎప్పుడూ ఒకే పుస్తకం ఉండేది: ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడో కూర్పు. కార్బెట్, రుబీని, గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ కలిసి రాశారు, 2005లో వచ్చింది. పిల్లల చేతుల్లో దాని జిరాక్సులు. అది 2.6.10 కెర్నల్‌ని పట్టుకుని రాసిన పుస్తకం. కొన్నాళ్లకే ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే ఫిర్యాదు: “సార్, బుక్కులో ఉన్నట్టే కొట్టాను, కంపైల్ అవట్లేదు.”

ఎలా అవుతుంది? 2006 చివర్లో వచ్చిన 2.6.19లో ఇంటరప్ట్ హ్యాండ్లర్‌కి ఇచ్చే మూడో ఆర్గ్యుమెంట్‌ని, అంటే రిజిస్టర్ల పాయింటర్‌ని, పీకేశారు. దాన్ని నిజంగా వాడే డ్రైవర్లు బహు తక్కువ, మోసేవి మాత్రం అన్నీనూ. ఆ ఒక్క మార్పుకి వందల ఫైళ్లు దిద్దారు. వెంటనే 2.6.20లో, పనిని తర్వాతకి వాయిదా వేసే వర్క్‌క్యూ వంతు. ఇనిట్_వర్క్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు ఇచ్చేవాళ్లం, ఇక రెండే. డేటా పాయింటర్ పోయింది, మన స్ట్రక్చర్‌ని కంటైనర్_ఆఫ్‌తో మనమే వెతుక్కోవాలి. నా కాపీలో ఆ పేజీల అంచులన్నీ ఎర్ర సిరాయే.

తమాషా ఏమిటంటే, కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లకు స్థిరత్వం అడగడమే అర్థం లేని కోరిక అని కెర్నల్ సోర్సులోనే ఒక పత్రం ఉంది. రాసింది ఆ గ్రెగ్ గారే! ఆయన వాదనలో బలముంది. యూఎస్‌బీ భాగాన్ని మూడుసార్లయినా తిరగరాశామని, పాత రూపాల్ని కూడా కాపాడాల్సి వస్తే వాటి లొసుగుల్నీ మోస్తూనే ఉండేవాళ్లమని ఆయన లెక్క. బయటి ప్రోగ్రాములు పిలిచే సిస్టమ్ కాల్స్ సంగతి వేరు. వాటిని విరగ్గొడితే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఊరుకోడు. గడప లోపల మాత్రం ఎవరికీ హామీ లేదు.

హామీ లేకపోయినా ఆచారం ఉంది: ఇంటర్‌ఫేస్ మార్చినవాడే, దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ సరిదిద్దాలి. సోర్సు చెట్టులో ఉన్నవాటికే ఈ రక్షణ. ఒక్కోసారి ఆ పని ఏళ్లు పడుతుంది. 1996లో 2.0 కెర్నల్ ఒకటికి మించిన ప్రాసెసర్లను నడపడానికి ‘బిగ్ కెర్నల్ లాక్’ తెచ్చింది. డ్రైవర్‌కి ఆదేశాలు పంపే ఐయాక్టల్ పిలుపులన్నీ దాని కిందే నడిచేవి. 2.6.11లో తాళం లేని కొత్త దారి పెట్టారు, పాతదాన్ని మూసింది 2010లో, 2.6.36కి. తాళం పూర్తిగా పోయింది 2011లో. ఇలాంటి చాకిరీకి జూలియా లావాల్ బృందం ‘కాక్సినెల్’ తయారుచేసింది. మార్పు ఎలా ఉండాలో ఒకసారి రాసిస్తే ఫైళ్లన్నీ అదే తిరిగొస్తుంది.

చెట్టు బయట డ్రైవర్ పెట్టుకున్నవాడి పాట్లు వాడివి. కెర్నల్ బయటపెట్టే ప్రతి ఫంక్షన్‌కీ, దాని టైపుల్ని బట్టి ఒక సీఆర్‌సీ అంకె కట్టి మాడ్యూల్‌లో దాచే ఏర్పాటు ఉంది, మాడ్‌వెర్షన్స్ అంటారు. అంకె కలవకపోతే, మాడ్యూల్‌ని ఎక్కించే ఇన్‌స్‌మాడ్ తలుపు తీయదు. దాన్ని ఫోర్స్ చేసి ఎక్కించే కుర్రాళ్లని నేను గట్టిగానే తిట్టేవాణ్ణి. స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డు జరిగిందంటే, మాడ్యూల్ ఎవరి మెమరీలో రాస్తోందో దానికే తెలియదు.

గ్రెగ్ వాదన నాకు సబబే అనిపిస్తుంది, కానీ వ్యాపారం దాన్ని అలాగే మింగలేదు. రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ కెర్నల్లో కొన్ని ఫంక్షన్ల జాబితా రాసి, ఆ ప్రధాన వెర్షన్ ఉన్నంతకాలం వాటిని కదపనంది. గూగుల్ ఇంకో అడుగు వేసింది. ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నల్‌తో వచ్చే ఫోన్లన్నిటికీ కెర్నల్ తానే ఇచ్చి, చిప్పు కంపెనీల కోడ్‌ని మాడ్యూళ్లలోకి నెట్టింది. మధ్యలో స్థిరమైన ఇంటర్‌ఫేస్ పెట్టింది. అదీ ఆ శాఖ వరకే. 5.10కి కట్టిన మాడ్యూల్‌ని 5.15 మీదికి తేవాలంటే మళ్లీ కట్టుకోవాల్సిందే.