కిరాయికొచ్చిన టీమ్

మా భాంజా ఖమ్మం నుంచి వచ్చి అమీర్‌పేటలో ఓ హాస్టల్‌లో ఉంటున్నాడు. మూణ్ణెల్ల కంప్యూటర్ కోర్సు. మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక ఇద్దరం పంజాగుట్టలో చాయ్ తాగుతుంటే అడిగాడు: "మామూ, హైదరాబాద్ ఎఫ్‌సీ ఏమైంది? పేరే వినపడ్తలేదు."

"ఢిల్లీ పోయింది బేటా."

"మ్యాచ్ ఆడనీకా?"

"కాదు. ఇల్లు ఖాళీ చేసి."

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చాయ్ చల్లారేలోగా చెప్పే కిస్సా కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. మొదటి ఐదు సీజన్లు మన షహర్‌కి అందులో జాగా లేదు. 2019లో పుణె సిటీ క్లబ్ మూతపడింది. ఆ ఖాళీలో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని కొత్త క్లబ్ పెట్టి దానికి హైదరాబాద్ పేరు ఇచ్చారు. పసుపు, నలుపు జెర్సీ. మొదటి మ్యాచ్ అక్టోబర్ 25న కోల్‌కతాలో. ఏటీకే చేతిలో 5-0తో చిత్తు.

నవంబర్ 2న గచ్చిబౌలిలో సొంత మైదానం మీద మొదటి మ్యాచ్. నేను వెళ్ళాను. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే అప్పటికి హైటెక్ సిటీ దాకానే రైలు. రాయదుర్గం స్టేషన్ ఇంకా తెరవలేదు. అక్కణ్ణుంచి ఆటో. ముందు కేరళ బ్లాస్టర్స్ గోల్ కొట్టింది. తర్వాత మన స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. చివర్లో మార్సెలీన్యో ఫ్రీకిక్ నేరుగా వలలో పడింది. 2-1. గొంతు పోయేదాకా అరిచాను. అబ్బా బతికుంటే చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాణ్ణి అనిపించింది.

ఎందుకంటే ఫుట్‌బాల్ అంటే నాకు అబ్బాయే. ఆయన యాదిలో ఉన్నది గచ్చిబౌలి కాదు, ఫతే మైదాన్. ఆయన టీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 54 దాకా ఐదేళ్ళు వరసగా బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిన టీమ్ అది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. 54లో, 57లో మళ్ళీ డ్యూరాండ్ ఎత్తింది. పేరు మారి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయ్యాక 61లో ఇంకోసారి. "బంతిని తన్నేవాళ్ళు కాదురా, ఒకరికొకరు సలామ్ చెప్పుకున్నట్టు అందించుకునేవాళ్ళు" అనేవాడు అబ్బా.

ఆ సలామ్ నేర్పించిన ఉస్తాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. వృత్తి బడిపంతులు. ఉస్మానియాలో డిగ్రీ చేసి కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి పిల్లలకి పోటీలు నడిపించాడు. బంతిని ఒక్కడే లాక్కుపోకూడదని ఇంకో పోటీ. దేశానికి కోచ్‌గా వెళ్ళినా ఆయన సబక్ అదే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 56 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ మన షహర్ వాళ్ళే. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం. అప్పటికే ఆయన ఊపిరితిత్తులని కేన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఇంతెకాల్ అయ్యారు.

ఈ వెనకటి సంగతి చెప్పకపోతే కొత్త క్లబ్ సంగతి అర్థం కాదు. సిటీ పోలీస్ ఆటగాడికి కొలువు ఉండేది. నెలనెలా తన్ఖా వచ్చేది. పొద్దున మైదానంలో కనిపించిన మనిషి సాయంత్రం మొహల్లాలో కనిపించేవాడు. పిల్లాడు ఫుట్‌బాల్ ఆడుతున్నాడంటే అమ్మీ తిట్టేది కాదు. రేపు నౌకరీ వస్తుందేమోనని ఆశ. ఆటగాళ్ళకి కొలువులిచ్చే చేతులు తగ్గేసరికి ఆ ఆశ కూడా ఎండిపోయింది. మైదానాలు క్రికెట్‌వి అయ్యాయి, కొన్ని ఇళ్ళ కిందికి పోయాయి.

ఇక కొత్త టీమ్ దగ్గరికి వద్దాం. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకి 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. ఆ తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే కోచ్ వచ్చాడు. పేరున్నవాళ్ళని కాకుండా కుర్రాళ్ళని నమ్మాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటివాళ్ళు ఆయన చేతిలోనే ఎదిగారు. రెండో సీజన్ ఐదో స్థానం. మూడో సీజన్‌లో లీగ్ పట్టికలో రెండో స్థానం. నైజీరియా నుంచి వచ్చిన ఒగ్‌బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. మళ్ళీ అదే కేరళ బ్లాస్టర్స్. గ్యాలరీల నిండా కేరళ వాళ్ళే. 68వ నిమిషంలో రాహుల్ గోల్‌తో వాళ్ళు ముందుకెళ్ళారు. మనవాళ్ళ పని అయిపోయిందనుకుంటున్నప్పుడు 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి బంతిని నేలకి దించకుండానే కొట్టాడు. 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు. 3-1. హైదరాబాద్ ఛాంపియన్. నేను ఇంట్లో టీవీ ముందు ఏడ్చాను, అబద్ధం ఎందుకు.

మర్నాడు పొద్దున అమీర్‌పేటలో దిగి చూశాను. ఒక్క బ్యానర్ లేదు. గోడల మీద ఎప్పటిలాగే జావా, పైథాన్. చాయ్ కొట్టుమీద ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మనకి కోపం రావచ్చు కానీ తప్పు జనానిది కాదు. కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. ఛాంపియన్ అయిన ఏడాది ఆ టీమ్ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఫైనల్లో మొదట బరిలోకి దిగిన పదకొండు మందిలో మన షహర్ పిల్లాడు ఒక్కడూ లేడు. గోల్ కొట్టిన తవోరా గోవా, పెనాల్టీలు ఆపిన కట్టిమణి గోవా. కప్ మీద పేరు మాత్రం మనది.

టీమ్ ఇంటికొచ్చాక 2022-23లో మళ్ళీ రెండో స్థానం. సెమీఫైనల్లో మోహన్ బగాన్ పెనాల్టీల్లో ఆపేసింది. మనోలో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఖజానా ఖాళీ. తన్ఖాలు అందక విదేశీ ఆటగాళ్ళు పోయారు, మనవాళ్ళూ పోయారు. మిగిలిన కుర్రాళ్ళతో 2023-24 లాగించారు. 22 మ్యాచ్‌లకి ఒక్కటే గెలుపు. ఆ సీజన్ ముగిసిన ఏప్రిల్‌లోనే, ఈద్‌కి, రహీం సాబ్ మీద తీసిన హిందీ సినిమా 'మైదాన్' విడుదలైంది. ఒకవైపు తెర మీద హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి చప్పట్లు, ఇంకోవైపు గచ్చిబౌలిలో ఖాళీ కుర్చీలు. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. ఆ సీజన్ చివరి నుంచి రెండో స్థానం. 2025లో క్లబ్ ఢిల్లీకి మారింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. పుణెలో ఖాళీ అయిన జాగాలో పుట్టింది, ఆరేళ్ళు ఇక్కడ ఉండి ఢిల్లీ చేరింది.

కిరాయిదారుల మీద నాకు నఫ్రత్ లేదు. అమీర్‌పేట బతుకే కిరాయి మీద. మన ఆటగాళ్ళు కూడా కోల్‌కతాలో కిరాయికున్నవాళ్ళే. నయీముద్దీన్, హబీబ్ అక్కడ ఆడే పెద్దవాళ్ళయ్యారు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకి నయీం కెప్టెన్. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ టీమ్ మీద మోహన్ బగాన్ తరఫున హబీబ్ గోల్ కొట్టాడు. 2023 ఆగస్టు 15న ఆయన మన షహర్‌లోనే కన్నుమూస్తే కోల్‌కతా కూడా కన్నీళ్ళు పెట్టుకుంది. ఆటగాళ్ళు వస్తారు, పోతారు. కానీ 1889లో పుట్టిన మోహన్ బగాన్ ఎక్కడికీ పోలేదు. సభ్యులున్నారు, మైదాన్‌లో డేరా ఉంది, తాతల నాటి చందా రసీదులున్నాయి. ఓడిపోయిన టీమ్ కింది తరగతికి దిగినా తన ఊళ్ళోనే ఉంటుంది. మన టీమ్ ఆడిన రోజుల్లో కొత్త లీగ్‌లో కింది తరగతి ఉండేది కాదు. అందుకని ఓడిన టీమ్ దిగిపోలేదు, మాలిక్ మారితే ఊరే మారింది. అక్కడ ఆటగాడు కిరాయిదారు. ఇక్కడ క్లబ్బే కిరాయిదారు.

నా ఖసూర్ కూడా చెప్పాలి. గచ్చిబౌలికి నేను మొత్తం వెళ్ళింది మూడుసార్లు. ఛాంపియన్ టీమ్ తిరిగొచ్చిన ఏడాది ఒక్కసారే. దూరం, ట్రాఫిక్, రేపు చూద్దాం అనుకున్నాను. ఇంకా పెద్ద ఖసూర్, అబ్బా చెప్పినవేవీ రాసి పెట్టుకోలేదు. ఫతే మైదాన్‌లో ఆయన ఏ మూల కూర్చునేవాడో, టికెట్ ఎంతో, ఎవరితో వెళ్ళేవాడో ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. ఢిల్లీ పోయిన టీమ్ కప్ గెలిచిన రాత్రి వీడియోలో దొరుకుతుంది. అబ్బా టీమ్ మాత్రం ముసలివాళ్ళ నోళ్ళలోనే ఉంది, వాళ్ళతోపాటే పోతోంది.

మీ ఇంట్లో ఆ మ్యాచ్‌లు చూసిన పెద్దలెవరైనా ఉంటే ఈ వారమే పక్కన కూర్చుని అడగండి. ఫోన్‌లో రికార్డు చెయ్యండి. మా భాంజా కోర్సు వచ్చే నెల అయిపోతుంది. హాస్టల్ ఖాళీ చేసేలోపు వాణ్ణి ఫతే మైదాన్‌కి తీసుకుపోతానని మాటిచ్చాను.