కార్లైల్, హాస్కెల్: ఎదురెదురుగా నిలిచిన తోబుట్టువులు

అమెరికా ఆదివాసీ పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన వసతి బడుల్లో రెంటిని ఇక్కడ తలచుకుంటున్నాం. పెన్సిల్వేనియాలో కార్లైల్ 1879లో, కాన్సాస్‌లో హాస్కెల్ 1884లో మొదలయ్యాయి. పిల్లల జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తల్లిభాష మాట్లాడితే శిక్షించిన బడులవి.

1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ రెండు బడులూ అమెరికన్ ఫుట్‌బాల్‌లో తలపడ్డాయి. కార్లైల్ 38–4తో గెలిచింది. చూసేవారికి అది వినోదం. ఆడినవారు మాత్రం ఒకే రకంగా ఇల్లు దూరమైన పిల్లలు.

సాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన జిమ్ థోర్ప్ మొదట హాస్కెల్‌లో, తర్వాత కార్లైల్‌లో చదివాడు. ఆయన ఆడిన కార్లైల్ జట్టు 1911లో హార్వర్డ్‌ను 18–15తో, 1912లో సైనిక అకాడమీ జట్టును 27–6తో ఓడించింది. 1912 ఒలింపిక్స్‌లో ఆయన రెండు బంగారు పతకాలు గెలిచాడు.

కార్లైల్ 1918లో మూతపడింది. హాస్కెల్ నిలిచింది. 1926లో అక్కడ ఆదివాసుల విరాళాలతోనే స్టేడియం వెలిసింది. పిల్లల్ని మార్చడానికి పెట్టిన బడిలో తెగలన్నీ కలుసుకునే చోటు అలా ఏర్పడింది.

మన ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఆటల్లో గెలిస్తే చప్పట్లు కొడదాం. మైదానంలో వాళ్లు తమ భాషలోనే ఒకరినొకరు పిలుచుకునేలా చూద్దాం.