వై2కె సమస్య

వై2కె సమస్య లేదా 2000 సంవత్సరపు సమస్య అనగా, కంప్యూటరు ప్రోగ్రాములలో సంవత్సరాన్ని నాలుగు అంకెలకు బదులు చివరి రెండు అంకెలతోనే వ్రాయడం వలన శతాబ్దం మారే వేళ ఏర్పడిన చిక్కు. ఇందులో 'వై' అనే అక్షరం సంవత్సరాన్ని, 'కె' అనే అక్షరం వేయిని సూచిస్తాయి. 1999 డిసెంబరు 31 తరువాత వచ్చే '00'ను కంప్యూటరు 2000గా కాక 1900గా భావించే ప్రమాదం ఉన్నందున, ప్రపంచవ్యాప్తంగా పాత ప్రోగ్రాములను వెదకి సరిచేయవలసి వచ్చింది. ఈ పని హైదరాబాదులోని సాఫ్టువేరు పరిశ్రమ ఎదుగుదలకు, తెలుగువారి అమెరికా వలసకు ఒక ముఖ్యమైన కారణమైంది.

కారణాలు

తొలినాటి కంప్యూటర్లకు సమాచారాన్ని 80 నిలువు వరుసలు గల పంచ్ కార్డుల ద్వారా అందించేవారు. మెమరీ చాలా ఖరీదైనది. అందువలన తేదీకి ఎనిమిది అంకెల బదులు ఆరు అంకెలు కేటాయించి '19'ని వదలివేసేవారు. కోబాల్ భాషలో వ్రాసిన బ్యాంకు, బీమా, జీతాల ప్రోగ్రాములలో ఈ పద్ధతి స్థిరపడింది. ఆ ప్రోగ్రాములు శతాబ్దాంతం వరకు వాడుకలో ఉంటాయని వాటిని వ్రాసినవారిలో చాలామంది ఊహించలేదు. అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త బాబ్ బెమర్ 1970వ దశకంలోనే దీనిని గురించి హెచ్చరించినా, ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ.

సంవత్సరాన్ని కుదించడం కంప్యూటర్లతో మొదలైనది కాదు. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తాయి. 'ప్రభవ నామ సంవత్సరం' అని మాత్రమే వ్రాసిన కాగితం 1927-28 నాటిదో, 1987-88 నాటిదో ఆ మాటను బట్టి తెలియదు. శాసనాలలో సంవత్సరం పేరుతోపాటు శాలివాహన శక సంవత్సరాన్ని కూడా చెక్కినప్పుడు ఈ సందేహం ఉండదు. జననం '12-6-45' అని వ్రాసినప్పుడు చదివే మనిషి సందర్భాన్ని బట్టి శతాబ్దాన్ని గ్రహిస్తాడు. కంప్యూటరుకు ఆ సందర్భం తెలియదు.

చిక్కు స్వయంగా శతాబ్దానిది కాదు, లెక్క పెట్టే పద్ధతిది. నస్రుల్లాబాద్, బాన్సువాడ వంటి తెలంగాణ గ్రామాల పహాణీలలో వాడిన ఫసలీ లెక్క ప్రకారం 1999 జూలై నుండి 2000 జూన్ వరకు గల కాలం ఫసలీ 1409. ఆ లెక్కలో 2000 జనవరి 1న సంవత్సరం కూడా మారలేదు.

లోపాల స్వరూపం

* తీసివేత: 1945లో పుట్టిన వ్యక్తి వయసు 2000లో 55. రెండంకెల లెక్కలో 00 నుండి 45 తీసివేస్తే -45 వస్తుంది. ప్రోగ్రాము ఋణ చిహ్నాన్ని వదలివేస్తే వయసు 45గా కనబడుతుంది. చూడడానికి నమ్మదగినట్లుండే ఇటువంటి తప్పే ఎక్కువ ప్రమాదకరం.
* వరుసక్రమం: 00 అనేది 99 కంటే చిన్నది కనుక కొత్త పత్రాలు పాతవాటికి ముందు చేరుతాయి.
* లీపు సంవత్సరం: 100తో భాగింపబడే సంవత్సరం 400తో కూడా భాగింపబడితేనే లీపు సంవత్సరం. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 అవును. కాబట్టి 00ను 1900గా చదివే ప్రోగ్రాముకు 2000 ఫిబ్రవరి 29 అనే తేదీయే ఉండదు.

పరిష్కార పద్ధతులు

సంపూర్ణమైన పరిష్కారం సంవత్సరాన్ని నాలుగు అంకెలకు విస్తరించడం. కాని దీనికి ప్రోగ్రాములనే కాక, పాత సమాచారం మొత్తాన్నీ మార్చవలసి ఉంటుంది. ఖర్చు, సమయం ఎక్కువ.

రెండవ పద్ధతిలో రెండంకెలను అలాగే ఉంచి ఒక హద్దును నిర్ణయిస్తారు. ఉదాహరణకు హద్దు 30 అయితే 00 నుండి 29 వరకు 2000-2029గాను, 30 నుండి 99 వరకు 1930-1999గాను గ్రహిస్తారు. ఇది చౌక, త్వరగా ముగుస్తుంది. కాని ఈ లెక్కలో 1925లో పుట్టిన వృద్ధుడు 2025లో పుట్టినట్లు నమోదవుతాడు. పైగా హద్దు దాటే రోజు వచ్చినప్పుడు సమస్య మరల మొదలవుతుంది. అంటే ఇది పరిష్కారం కంటే వాయిదా అనడం సమంజసం.

తెలుగువారు - వై2కె

సవరించవలసిన కోట్ల పంక్తుల కోబాల్ ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా చదివే పనివారు అమెరికాలో చాలలేదు. ఈ అవసరాన్ని భారతీయ సంస్థలు అందిపుచ్చుకున్నాయి. హైదరాబాదులో 1987లో మొదలైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ వాటిలో ఒకటి. (ఈ సంస్థ 2009లో బయటపడిన లెక్కల కుంభకోణం తరువాత చేతులు మారి, 2013లో టెక్ మహీంద్రాలో విలీనమైంది.) 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అమెరికా 1998లో చేసిన చట్టం ద్వారా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 65,000 నుండి 1,15,000కు పెంచింది. అమీర్‌పేటలోని శిక్షణా కేంద్రాలు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ పాఠాలతో నిండిపోయాయి.

ఈ వలసకు మరో ముఖం కూడా ఉంది. చాలామంది దళారీ సంస్థల ద్వారా వెళ్ళి, పని దొరికే వరకు 'బెంచి' మీద నిరీక్షించారు. 2000 తరువాత వై2కె పని ముగియడం, డాట్‌కామ్ సంస్థలు కూలడం ఒకదాని వెంట ఒకటి జరిగి ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు. హైదరాబాదులోను, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోను తెలుగు ఉద్యోగులపై పరిశోధన చేసిన షియాంగ్ బియావ్, 'గ్లోబల్ బాడీ షాపింగ్' (2007) అనే గ్రంథంలో ఈ దళారీ వ్యవస్థను, దానికి వరకట్నంతో గల సంబంధాన్ని వివరించాడు.

2000 జనవరి 1, ఆ తరువాత

భయపడినంత విపత్తు జరగలేదు. అమెరికా నౌకాదళ పరిశీలనశాల వెబ్‌సైటులో సంవత్సరం '19100' అని కనిపించింది. 1900 నుండి గడచిన ఏళ్ళ సంఖ్య 100కు '19'ని ముందు తగిలించడమే దీనికి కారణం. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో జరిగినది మాత్రం నవ్వుకోదగినది కాదు. గర్భస్థ శిశువులలో డౌన్ సిండ్రోమ్ అవకాశాన్ని అంచనా వేసే ప్రోగ్రాము తల్లుల వయసును తప్పుగా లెక్కించడంతో 150 మందికి పైగా గర్భిణులకు తప్పు ఫలితాలు అందాయి. ఆ లోపం 2000 మే నెల వరకు బయటపడలేదు.

పెద్దగా ఏమీ జరగలేదు కనుక ఇదంతా అనవసరపు హడావుడి అనే వాదన ఉంది. ముందే సరిచేయడం వల్లనే ఏమీ జరగలేదని ఆ పని చేసినవారి సమాధానం. విజయవంతమైన నివారణకు కంటికి కనిపించే సాక్ష్యం మిగలదు.

వాయిదా వేసిన చిక్కు తిరిగి వస్తుందని చెప్పడానికి మాత్రం ఉదాహరణ ఉంది. స్ప్లంక్ అనే సాఫ్టువేరు రెండంకెల సంవత్సరాన్ని 19 వరకే గుర్తించేది. 2020 జనవరి 1 లోపు దానిని సవరించుకోవాలని ఆ సంస్థ వాడుకరులకు తెలిపింది. ఇదే కోవకు చెందిన మరొక గడువు 2038 జనవరి 19. ఆనాడు భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే, 1970 నుండి సెకన్లను 32 బిట్లలో లెక్కించే యూనిక్స్ తరహా పాత వ్యవస్థలలో చోటు చాలక తేదీ 1901కి వెళ్తుంది. 64 బిట్లకు మారిన వ్యవస్థలకు ఈ ఇబ్బంది లేదు.

ఇవి కూడా చూడండి

* కోబాల్
* లీపు సంవత్సరం
* తెలుగు సంవత్సరాలు
* హైటెక్ సిటీ